గోదారి పెరుగుతుంటే పడవ ఎక్కడ కట్టాలి?

భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక. 48 దగ్గర రెండోది, 53 దగ్గర మూడోది. టీవీలో ఈ అంకెలు చూసి మనం చానెల్ మార్చేస్తాం. ధవళేశ్వరం నుంచి కోనసీమ లంకల దాకా రేవుల్లో పడవలున్నవాళ్లు మాత్రం ఆ మాట చెవిన పడగానే ఏటిగట్టు వైపు నడుస్తారు. భద్రాచలం నీళ్లు తమ రేవు దాకా రావడానికి ఒక రోజు అటూ ఇటూ పడుతుంది. చేతిలో ఉన్న వ్యవధి అంతే.

వరదలో పడవ నడిపిన కథలు ఎన్నయినా వింటాం. కట్టిన కథలు ఎవరూ చెప్పరు. నిజానికి సగం పని అదే.

మామూలు రోజుల్లో రేవులో పాతిన గుంజకు తాడు చుట్టేసి ఇంటికి పోతారు. నీరు పెరిగేటప్పుడు ఆ కట్టే ముప్పు తెస్తుంది. పడవ నీటితో పాటు పైకి లేవబోతుంది, బిగిసిన తాడు లేవనివ్వదు. ముక్కు మునిగి నీళ్లు పట్టేస్తాయి. పోనీ అని మరీ వదులు చేస్తే ప్రవాహం దాన్ని పక్క పడవకో గట్టు రాళ్లకో వేసి కొడుతుంది. అందుకే ముందుగానే ఒడ్డుకు చేర్చి, గట్టు మీది చెట్టుకు ముందొకటి వెనకొకటి రెండు మోకులు కడతారు. రాత్రి టార్చిలైటు పట్టుకుని వచ్చి, నీరు ఎంత పెరిగితే తాడు అంత వదలాలి. వరద తీసేటప్పుడు తంటా ఇంకో రకం. ఒక్క కునుకు తీస్తే చాలు, తెల్లారేసరికి నీళ్లు కిందికి పోయి పడవ గట్టు వాలులో ఒరిగి ఉంటుంది. ఇంజిన్ పడవనైతే మళ్లీ నీళ్లలోకి దింపడానికి పది మందైనా భుజం పట్టాలి.

అదుపు తప్పిన పడవ ఏం చేయగలదో కృష్ణమ్మ చూపించింది. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీకి రికార్డు స్థాయిలో 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చినప్పుడు, ఎగువ నుంచి కొట్టుకొచ్చిన బరువైన పడవలు గేట్ల దగ్గర ఢీకొన్నాయి. గేటు ఎత్తడానికి సాయపడే కౌంటర్ వెయిట్లు దెబ్బతిన్నాయి. ఇరుక్కున్న పడవల్ని బయటికి తీయడానికి రోజుల తరబడి పట్టింది.

ఇక నడపడం. ఎర్రనీరు వచ్చాక ఏరు దాటాలంటే ఎదుటి రేవుకు సూటిగా పోవడం కుదరదు. ఒడ్డు వెంబడి నీటి లాగుడు తక్కువ. ఆ వారనే కొంత దూరం ఎగువకు పోయి, అక్కడి నుంచి ఏటవాలుగా వదిలితే ప్రవాహమే తెచ్చి కావలసిన చోట దించుతుంది. ప్రవాహ వేగం రెట్టింపైతే నీటి తోపుడు రెట్టింపుతో ఆగదు, నాలుగింతలవుతుంది. పైగా కొట్టుకొచ్చే దుంగలొకటి, ఇంజిన్ రెక్కకు చుట్టుకునే గుర్రపుడెక్క ఒకటి. ఆ ఎర్రనీటికే సముద్రం నుంచి పులస ఎదురీదుకుంటూ వస్తుంది. మంచి ధర పలికే చేప వచ్చేదీ, ఏరు పోటెత్తేదీ ఒకే కాలంలో కావడంతో జాలరికి ఇంట్లో కూర్చోబుద్ధి కాదు.

లంకవాసులకు ఆ ఎంపిక కూడా లేదు. చాకలిపాలెం నుంచి కనకాయలంకకు వెళ్లే కాజ్‌వే వరదొస్తే మునిగిపోతుంది. తర్వాత బడికైనా ఆస్పత్రికైనా పడవే దిక్కు. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు లేచింది. 1986 ఆగస్టునాటి 75.6 తర్వాత అంతటి వరద అదే. అప్పుడు లంకల్లో చిక్కుకున్నవాళ్లకు తాగునీరూ బియ్యమూ చేర్చింది పడవలే.

అయితే హెచ్చరికల అంకెలు ఒడ్డున ఉన్న ఊళ్ల కోసం పెట్టినవి, పడవల కోసం కాదు. ఈ తేడా తెలియక మనం మోసపోతాం. ధవళేశ్వరం దగ్గర మొదటి హెచ్చరిక 10 లక్షల క్యూసెక్కులకు ఇస్తారు. 2019 సెప్టెంబరు 15న పాపికొండల దారిలో కచ్చులూరు దగ్గర రాయల్ వశిష్ఠ పర్యాటక బోటు బోల్తా పడిన నాడు ప్రవాహం అందులో సగానికి కాస్త ఎక్కువ, అంతే. కానీ అక్కడ కొండల మధ్య గోదారి ఇరుకు, లోతు, సుడులు. బోటులో ఉన్న 77 మందిలో బతికి బయటపడింది 26 మంది. ఒడ్డునున్న గిరిజనులు పెద్ద లాంచీ మునిగిన ఆ నీటిలోకే చిన్న పడవలు వేసుకుని వెళ్లి వాళ్లను పైకి లాగారు. ఆ చోట ఏ నీరు ఎటు తిరుగుతుందో వాళ్లకు తెలుసు. మునిగిన బోటును, వెలికితీతకు దిగిన ధర్మాడి సత్యం బృందం అక్టోబరు 22న గానీ ఒడ్డుకు చేర్చలేకపోయింది.

శ్రావణ భాద్రపదాల్లో పాపికొండలు చూడాలని వెళ్లేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకుంటే మేలు. రేవులో సరంగు "ఇవాళ బోటు లేదండీ" అంటే, టికెట్టుకు వంద ఎక్కువిస్తామని బేరం పెట్టకండి. బోటు కదిలితే మాత్రం లైఫ్ జాకెట్ పట్టీలు బిగించుకుని, మళ్లీ ఒడ్డు తగిలేదాకా విప్పకండి.