కక్రాపార్‌లో లీకేజీ ఆగింది, వ్యర్థాల సంగతేంటి?

2016 మార్చి 11 ఉదయం. సూరత్‌కు సుమారు 80 కిలోమీటర్ల దూరంలోని కక్రాపార్ అణు విద్యుత్ కేంద్రంలో మొదటి రియాక్టర్ ఉన్నట్టుండి ఆగిపోయింది. లోపలున్న 306 ప్రెషర్ ట్యూబుల్లో ఒకటి పగిలి భారజలం కారింది. ప్లాంట్ ఎమర్జెన్సీ ప్రకటించారు. బయటకు వెలువడిన రేడియోధార్మికత పరిమితుల్లోనే ఉందని అధికారులు తెలిపారు. మరమగ్గాలపై బతికే ఎన్నో తెలుగు కుటుంబాలున్న సూరత్ ఊపిరి పీల్చుకుంది.

లీకేజీ ఆగినా పని అయిపోలేదు. పగిలిన గొట్టాన్ని బయటకు తీసి పరీక్షించగా, బయటివైపు తుప్పు పట్టినట్లు తేలింది. గొట్టం చుట్టూ తిరిగే కార్బన్ డయాక్సైడ్‌లోని మలినాలే కారణమని భావించారు. చివరికి గొట్టాలన్నీ మార్చాక, 2019 మేలో రియాక్టర్ మళ్లీ మొదలైంది.

మరి తీసేసిన గొట్టాలు, శుభ్రం చేసిన గుడ్డలు, చేతి తొడుగులు, ఫిల్టర్లు ఎక్కడికి వెళ్తాయి? మన దేశంలో వీటిని తీవ్రతను బట్టి వేరు చేస్తారు. తక్కువ తీవ్రత ఉన్నవాటిని కాల్చి లేదా నొక్కి పరిమాణం తగ్గించి కాంక్రీటు కందకాల్లో ఉంచుతారు. తీవ్రత ఎక్కువైతే 'టైల్ హోల్స్' అనే ఉక్కు పూత ఉన్న లోతైన బావుల్లో దాస్తారు. చుట్టూ బోర్లు వేసి భూగర్భ జలాన్ని తరచూ పరీక్షిస్తారు.

ఎందుకంటే వ్యర్థాలకు ప్రధాన శత్రువు నీరే. 1994 జూన్‌లో కుండపోత వానలకు పక్కనున్న మోతీచెర్ చెరువు పొంగి, ఇదే కేంద్రంలోని టర్బైన్ భవనంలోకి నీరు చేరింది. అలాంటి నీరు వ్యర్థాలను తాకితే రేడియోధార్మిక పదార్థాలు నేలలోకి, అక్కడి నుంచి బావుల్లోకి చేరే అవకాశం ఉంటుంది.

ఎంతకాలం కాపాడాలి? సీజియం-137 అర్ధాయుష్షు సుమారు 30 ఏళ్లు. 300 ఏళ్లలో అది పదిసార్లు సగమై, వెయ్యోవంతుకు తగ్గుతుంది. కందకాల రూపకల్పనకు ఈ లెక్కే ఆధారం. అయితే గొట్టాల్లోని నియోబియం న్యూట్రాన్లను పీల్చుకుని నియోబియం-94గా మారుతుంది. దాని అర్ధాయుష్షు దాదాపు 20,000 ఏళ్లు! దానికి 300 ఏళ్ల లెక్క చాలదు. అందుకే ఏ పెట్టెలో ఏముందో, ఎంత ఉందో ముందే కొలిచి రాసిపెట్టడం కాంక్రీటు గోడంత ముఖ్యం. ఆ చిట్టా చెదిరితే, పదో తరం వారికి తమ కాళ్ల కింద ఏముందో తెలియదు.