పాట ఎముకల దారిన, చెవులు రహదారి వైపు

న్యూఢిల్లీ: చెవులు రెండూ వేళ్లతో మూసుకుని అప్పడం కొరికితే కరకర శబ్దం తగ్గకపోగా మరింత బిగ్గరగా వినిపిస్తుంది. ఆ శబ్దం దవడ, పుర్రె ఎముకల మీదుగా నేరుగా లోపలి చెవికి చేరడమే ఇందుకు కారణం. ఈ సూత్రంపైనే పనిచేసే ‘బోన్ కండక్షన్’ హెడ్‌ఫోన్లు ఇప్పుడు నిత్యజీవితంలోకి ప్రవేశించాయి.

సాధారణ ఇయర్‌ఫోన్ చెవి రంధ్రాన్ని మూసివేస్తుంది. ఇవి మాత్రం చెవికి ముందు, చెంప ఎముకపై ఆనుకుని ఉంటాయి. వీటి ప్రకంపనలు కర్ణభేరితో నిమిత్తం లేకుండా నత్తగుల్ల ఆకారంలోని కాక్లియాకు చేరతాయి. చెవులు తెరిచే ఉంటాయి గనుక వెనుకనుంచి వచ్చే వాహనం హారన్ కూడా వినిపిస్తుంది.

భారతదేశంలో ఈ సౌలభ్యం చిన్నదేమీ కాదు. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది మరణించగా, వారిలో దాదాపు 33 వేల మంది పాదచారులే. ఉదయపు నడకకు వెళ్లేవారికి, సైకిలుపై పనికి పోయేవారికి చెవి కూడా ఒక రక్షణ కవచమే. పరిసరాల సవ్వడే ఆధారంగా అడుగు వేసే అంధులు సెల్‌ఫోన్ చెప్పే దారి సూచనలను చెవులు మూసుకోకుండానే వినగలుగుతారు.

వైద్యరంగానికి ఈ సూత్రం కొత్త కాదు. చెవి వైద్యులు శృతిదండాన్ని చెవి వెనుక ఎముకకు ఆనించి వినికిడిని పరీక్షించడం చిరకాలంగా ఉన్నదే. పుర్రె ఎముకలో అమర్చే శ్రవణ సాధనాన్ని 1977లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో తొలిసారి రోగులకు అమర్చారు. చీము కారడం వంటి కారణాలతో బయటి, మధ్య చెవులు దెబ్బతిన్నవారికి ఇటువంటి సాధనాలు ఉపకరిస్తాయి. లోపలి చెవి నరాలే దెబ్బతింటే ఎముకల దారి వల్ల పెద్దగా ప్రయోజనం ఉండదు. పైగా పాటలు వినే హెడ్‌ఫోన్ చికిత్సా సాధనం కాదు. వినికిడి తగ్గినట్లు తోచినప్పుడు వైద్యుని వద్దకు వెళ్లడమే మార్గం.

ఈ హెడ్‌ఫోన్లకు పరిమితులూ లేకపోలేదు. మంద్రస్వరాలు పలుచగా వినిపిస్తాయి. హెల్మెట్ కింద ఇవి సరిగా కుదురుకోవు. బస్సులో, బజారులో చుట్టూ ఉన్న రొద పాటను మింగివేస్తుంది. దాంతో శబ్దాన్ని పెంచాలనిపిస్తుంది. అసలు ప్రమాదం అక్కడే ఉంది. కర్ణభేరిని తప్పించినా శబ్దం చివరకు చేరేది అదే కాక్లియాకు. అక్కడి సున్నితమైన రోమకణాలు ఒకసారి నశిస్తే మళ్లీ మొలవవు. పెద్దలు వారానికి 40 గంటలపాటు వినదగిన శబ్దానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్ణయించిన హద్దు 80 డెసిబెల్స్.

చెవి తెరిచి ఉన్నంత మాత్రాన ధ్యాస రోడ్డుపై ఉన్నట్లు కాదు. ఫోన్ సంభాషణలో మునిగినవారికి హారన్ చెవిన పడినా మనసుకు ఎక్కకపోవచ్చు. రోడ్డు దాటే ఆ కొద్ది క్షణాలైనా పాటను ఆపివేయడం ఏ పరికరం ధరించినవారికైనా క్షేమకరం.