డీజిలు పంపు పదికాలములు పనిచేయవలెనన్న



దాళ్వా వరి పొట్టమీద నున్నపుడు కాలువ నీరు అందకపోయినచో, మురుగు కాలువ నీటిని ఆయిలింజనుతో తోడి పైరును నిలుపుకొనుట చల్లపల్లి, మోపిదేవి, ఘంటసాల ప్రాంతముల రైతులకు క్రొత్త కాదు. అట్టి సమయమున ఇంజను మొరాయించినచో కలుగు నష్టము మరమ్మతు ఖర్చుతో పోదు, పంటతో పోవును.

చల్లపల్లికి చేరువనున్న ఒక గ్రామమున నేను చూచిన సంగతి చెప్పెదను. ఒక రైతు ఇంజను వర్షాకాలమంతయు పాకలో మూలనుండెను. సార్వా పంటకు కాలువ నీరు చాలినందున దానితో పని పడలేదు. దాళ్వాలో నీరు తగ్గినపుడు ఎంత త్రిప్పినను అది కదలలేదు. టాంకు అడుగు మర విప్పగా మొదట వచ్చినది డీజిలు కాదు, తుప్పు రంగు నీరు. పంపులోని ప్లంజరు తుప్పు పట్టి బిగిసిపోయినది. పంపును విజయవాడకు కొనిపోయి బాగుచేయించి తెచ్చుసరికి ఐదు దినములు గడచెను. ఈలోగా రెండెకరముల వరి చాలవరకు తాలుపోయెను.

ఈ సంగతి వలన మనము గ్రహింపవలసిన దొకటి కలదు. డీజిలు పంపు పనిచేయుట వలన చెడుట తక్కువ. పని లేక ఊరకుండునపుడును, డీజిలు పోయునపుడును మనము చూపు అజాగ్రత్త వలన చెడుట ఎక్కువ.

పంపు చేయు పని

టాంకులోని డీజిలు ఫిల్టరు గుండా వచ్చి పంపును చేరును. పంపులో బారెల్ అను గొట్టమును, అందు పైకి క్రిందికి ఆడు ప్లంజరు అను ఉక్కు కడ్డీయు ఉండును. ప్లంజరు డీజిలును గట్టిగా నొక్కి నాజిల్ ద్వారా ఇంజనులోనికి పొగమంచువలె చిమ్మించును. ట్రాక్టరు వెనుక చక్రములోని గాలి ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు ఇంచుమించు ఒక కిలో. సాధారణమైన ఆయిలింజనులో నాజిల్ తెరచుకొనుటకు సుమారు 200 కిలోల ఒత్తిడి కావలయును.

ఇంత ఒత్తిడిలో డీజిలు వెనుకకు జారకుండవలెనన్న ప్లంజరుకు, బారెలుకు నడుమ సందు మిక్కిలి సన్నముగా ఉండవలెను. ఆ సందు మిల్లీమీటరులో వెయ్యవవంతులు రెండు, మూడు మాత్రమే. మన తలవెండ్రుక మందము దానికి ఇరువది రెట్లకు పైగా ఉండును. కంటికి కనబడని దుమ్ము రేణువు కూడ అందు జొరబడి ఉక్కును గీయగలదు. ఈ భాగములకు వేరే కందెన లేదు. పారుచున్న డీజిలే వానికి కందెన. అందువలన డీజిలులో నీరు చేరినను, డీజిలు అందక గాలి చేరినను పంపు అరుగును.

నీరు ఎట్లు చేరును?

టాంకు సగము ఖాళీగా ఉన్నచో మిగిలిన సగము గాలితో నిండియుండును. సముద్రమునకు చేరువైన మన ప్రాంతపు గాలిలో తేమ హెచ్చు. రాత్రి చల్లబడగానే ఆ తేమ టాంకు లోపలి గోడలపై చెమర్చి, చుక్కలై డీజిలులోనికి దిగును. నీరు డీజిలు కన్న బరువైనది గనుక అడుగున చేరును. డీజిలు గొట్టము మొదలగునదియు అడుగు భాగముననే. వర్షాకాలమున ఇంజను మూలనుండి, అవసరము వచ్చినపుడు మొరాయించుటకు కారణ మిదియే. నీరు నిలిచినచోట సూక్ష్మజీవులు పెరిగి, నల్లని జిగురు ఏర్పడి ఫిల్టరును పూడ్చును.

రైతులు చేయదగిన పనులు

1. పని ముగిసిన సాయంకాలముననే టాంకు నింపవలెను. పొంగిపోకుండ కొంచెము ఖాళీ విడువవలెను. ఉదయము నింపుదమని ఆపినచో రాత్రి తేమ చేరును.

2. ప్రతి ఉదయము ఇంజను త్రిప్పుటకు ముందు టాంకు అడుగు మరను, ఫిల్టరు గిన్నె మరను వదులు చేసి, నీరు, మడ్డి పోయి స్వచ్ఛమైన డీజిలు వచ్చువరకు విడువవలెను. దీనికి రెండు నిమిషములు చాలును.

3. పని లేని నెలలలో ఇంజనును నిండు టాంకుతో ఉంచి, పక్షమున కొకసారి పది నిమిషములు నడుపవలెను. పొగగొట్టమునకు మూత పెట్టి, నడుపునపుడు తీయవలెను.

4. పీపాలో డీజిలు నిలువచేయువారు దానిని నీడలో పరుండబెట్టవలెను. నిలువుగా ఉంచినచో పైన నిలిచిన వాననీరు మూత సందు గుండా లోనికి దిగును. పీపాను కదల్చిన పిమ్మట ఒక దినము తేరనిచ్చి, అడుగు డీజిలు విడిచి పైది మాత్రమే తీయవలెను.

5. జింకు పూత గల రేకు బాల్చీలలో, డబ్బాలలో డీజిలు ఉంచరాదు. డీజిలు జింకుతో కలిసి సబ్బువంటి పదార్థమై ఫిల్టరును మూయును. గరాటుకు సన్నని జల్లెడ ఉండవలెను. పీచు రాలు గుడ్డతో వడకట్టరాదు.

6. కాగితపు ఫిల్టరును కడిగి మరల వాడరాదు. కడుగుటచే దాని రంధ్రములు పెద్దవై దుమ్మును విడుచును. ఇంజనుతో ఇచ్చిన పుస్తకములో చెప్పిన గంటల ప్రకారము క్రొత్తది వేయవలెను.

7. టాంకు పూర్తిగా ఎండువరకు నడుపరాదు. ఎయిరు పట్టినచో మొదట ఫిల్టరు మీది మర వదులు చేసి, బుడగలు పోయి డీజిలు ధారగా వచ్చినపుడు బిగించవలెను. పిమ్మట పంపు మీది మరవద్ద అట్లే చేయవలెను.

8. చవక యని డీజిలులో కిరసనాయిలు కలుపరాదు. అది పలుచన గనుక కందెనగా పనికిరాదు. దేశమంతట 2020 ఏప్రిల్ 1 నుండి అమ్ముచున్న డీజిలులో గంధకము పది లక్షలకు పది వంతులు మాత్రమే. గంధకమును తీయు పద్ధతి వలన డీజిలుకు సహజమైన జారుగుణము తగ్గును గాన, దానిని సరిచేయు మందు శుద్ధి కర్మాగారములలో కలుపుదురు. కిరసనాయిలు పోసి ఆ మేలును మనమే చెరుపుకొనరాదు.

చేయరానివి

ఎక్కువ లాగునని పంపు సీలు తెంచి మర త్రిప్పువారు కలరు. డీజిలు ఎక్కువ పడి నల్లని పొగ వచ్చును, ఇంజను కాగును, ఖర్చు పెరుగును. సీలు విప్పి సరిచేయుట పరీక్షాయంత్రముగల షెడ్డులోనే జరుగవలెను.

గొట్టము కారుచున్నచో చేతితో తడిమి చూడరాదు. ఆ ధార సూదివలె చర్మములోనికి దూరును. చిన్న గాయముగా కనబడినను వెంటనే ఆసుపత్రికి పోవలెను, లేనిచో చేతికే ముప్పు కలుగవచ్చును. కారుచున్నచోట అట్టముక్క పెట్టి చూడవలెను. 2023 జనవరి నుండి 50 అశ్వశక్తికి మించిన క్రొత్త ట్రాక్టర్లకు కఠినతరమైన పొగ నిబంధనలు వచ్చినవి. వానిలో వచ్చుచున్న కామన్ రైలు పంపులలో ఒత్తిడి 1,000 కిలోలకు మించును. వానిని ఇంటివద్ద విప్పరాదు.

1977 నవంబరు 19 నాటి ఉప్పెనను చూచిన సీమ మనది. వరదలో మునిగిన ఇంజనును వెంటనే త్రిప్పరాదు. టాంకు, గొట్టములు, ఫిల్టర్లు ఖాళీచేసి శుభ్రపరచి, ఇంజను నూనె మార్చి, మెకానిక్కుచే చూపించిన పిమ్మటనే నడుపవలెను.

కారు గలవారికి ఒక మాట. నేటి పెట్రోలు కారులలో పంపు టాంకు లోపలనే ఉండి, చుట్టునున్న పెట్రోలు వలననే చల్లబడును. టాంకు పావువంతుకు తగ్గకుండ చూచుకొన్నచో ఆ పంపును ఎక్కువ కాలము మన్నును.

గ్రామోద్యోగులు సార్వా కోతలు ముగియగానే తమ గ్రామమందలి ఆయిలింజనులను ఒకసారి త్రిప్పించి చూడ వలసినదిగా రైతులకు జ్ఞాపకము చేయవలెను. అప్పుడు బయటపడిన లోపమును తీరికగా సరిచేయించుకొనవచ్చును. పైరు పొట్టమీద నున్నపుడు బయటపడిన లోపమునకు పైరు వేచియుండదు.