నీటితొట్టికి ఏ అల్యూమినియపు రేకు తగును?

మందు చల్లు దినములలో బండిమీద నీరు తీసికొనిపోవు తొట్టిని అల్యూమినియముతో చేయించుకొన దలచు సభ్యుల కీ నాలుగు మాటలు. తలంపు మంచిదే. ఈ లోహము ఇనుము బరువులో ఇంచుమించు మూడవవంతు మాత్రమే గనుక ఎద్దులకు భారము తగ్గును. కాని అంగడిలో మొదట చూపిన రేకునే కొనితెచ్చుట తగదు. శుద్ధమైన అల్యూమినియము మెత్తన. వేఱు లోహములు కొలదిగా కలుపుటచేతనే దానికి బలము కలుగును. ఏమి కలిపిరో తెలుపుటకే రేకులకు నాలుగంకెల సంఖ్యలు పెట్టుదురు.

2024 అను రకములో నూటికి సుమారు 4 పాళ్ళు రాగి కలదు. బలమున మేటియే, విమానములకు వాడుదురు. అయినను అతుకు పెట్టినచో పగులును, తడికి చెడును. దాని నట్లుంచుడు. 3003 వంటపాత్రల జాతిది. చక్కగా వంగును గాని బండి కుదుపులకు మెత్తన.

పలువురు పొరపడునది 6061-టి6 విషయమున. లెక్కలలో దీని బలము హెచ్చు. ఆ బలము లోహమును బాగుగా కాచి, చల్లార్చి, మరల మితమైన వేడిలో నుంచుటచే వచ్చినది. వెల్డింగు వేడి తగిలినచోట, అతుకున కిరుప్రక్కల సుమారు అంగుళము మేర, అందులో దాదాపు సగము పోవును. మూలను బిగువుగా మడిచిన పగులును. తొట్టి యన్న మడతలును అతుకులునే గదా!

కావున 5052-హెచ్32 రేకు నడుగుడు. ఇందు నూటికి రెండున్నర పాళ్ళు మెగ్నీసియము కలదు. సులువుగా వంగును, నీటికి తాళును, వెల్డింగునకు లొంగును. అతుకుకడ్డీ 5356 తగును. అడుగు చట్రమునకు మాత్రము 6061 పట్టీలను బోల్టులతో బిగించిన చాలును. ఇత్తడి కుళాయిని నేరుగా బిగింపకుడు. తడిలో ఇత్తడి తగిలినచోట అల్యూమినియము క్షయించును. ప్లాస్టికు కుళాయి మేలు, వెలయును తక్కువ.

ఒక్క సంగతి మఱువరాదు. మైలుతుత్తము, సున్నము కలిపిన బోర్డో ద్రావణమును ఏ రకపు అల్యూమినియపు తొట్టిలోను పోయరాదు. తుత్తములోని రాగి రేకునకు పట్టి చిల్లులు పొడుచును, సున్నపు క్షారమును దానిని తినును. ఆ ద్రావణమును ప్లాస్టికు పీపాలోనే కలుపుడు. ఈ తొట్టి వట్టి నీటికే.

బయానా ఇచ్చుటకు ముందు పనివానిచే అదే రేకు తునకలు రెండింటి నతికించి, పట్టుకారున బిగించి వంచి చూడుడు. అతుకు విఱిగిన వేఱొక పనివానిని వెదకుడు.