పోయిందనుకున్న చేప

అమెరికాలోని కొలరాడో కొండల్లో గ్రీన్‌బ్యాక్ ట్రౌట్ అనే చేప అంతరించిందని 1937లో తేల్చేశారు. తీరా అసలు జాతి బేర్ క్రీక్ అనే ఒక్క సెలయేట్లో బతికే ఉందని 2012లో జన్యుపరీక్షల వల్ల బయటపడింది. అదైనా దాని పుట్టిల్లు కాదు. పందొమ్మిదో శతాబ్దంలో ఓ హోటలు యజమాని తెచ్చి వదిలిన చేపల సంతానం!

వాటిలో కొన్నిటిని 2008లోనే లెడ్‌విల్ హేచరీకి చేర్చారు. వేళకు మేత, శత్రుభయం లేదు. అయినా గుడ్లు సరిగా పొదగవు, పిల్లల్లో చాలా దక్కవు! కారణం మేనరికం వంటిదే: తరతరాలుగా దగ్గర చుట్టాల్లోనే జతకట్టిన వంశమాయె. అందుకని ఏటా ఉద్యోగులు ఆ సెలయేటికి వెళ్ళి, మగచేపల వీర్యం తెచ్చి హేచరీ గుడ్లతో కలపసాగారు. అలా పుట్టిన పిల్లలను కొండ ఏళ్ళలో వదిలితే, హెర్మన్ గల్చ్‌లో అవి తమంతట తామే గుడ్లు పెట్టి పిల్లలు చేస్తున్నాయని 2022లో అధికారులు ప్రకటించారు.