వైఫై దొరకకుంటే కార్డు పోయినట్టేనా?

ఇంటర్ పాసైన పిల్లలు డిగ్రీల చేరాలంటే ఇప్పుడు కాలేజీల చుట్టూ తిరిగే పని లేదు. తెలంగాణలో 2016 నుంచి 'దోస్త్' అనే పద్ధతి వచ్చింది. దరఖాస్తు ఇంటర్నెట్‌లో పెట్టాలె. ఏ కాలేజీ కావాలో అందులోనే చెప్పాలె. దానికి గడువు ఉంటది. స్కాలర్‌షిప్ దరఖాస్తు కూడా ఇంటర్నెట్‌లోనే.

అందుకే జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్, ఆసిఫాబాద్ వైపు తల్లులు తిప్పలు పడి పిల్లలకు పాత లాప్‌టాప్ కొనిస్తున్నరు. కొందరు బీడీల పైసలు కూడబెట్టి కొంటరు. కొందరు సంఘంల అప్పు తీసుకుంటరు. తీరా గడువు దగ్గరికి వచ్చినంక బిడ్డ అంటది: "అమ్మా, వైఫై దొరుకుత లేదు."

దుకాణానికి తీసుకపోతే అక్కడ ఒక్కటే మాట. "కార్డు పోయిందక్కా. మార్చాలె." నిజంగ పోయిందా? చాలాసార్లు పోదు. అది ఎట్ల తెలుసుకోవాలో చూద్దాం.

ముందు వైఫై అంటే ఏందో తెలవాలె. మీరు రేడియో విన్నరు కదా. రేడియోకు తీగ ఉండదు. పాట గాలిలోంచి అలల మీద వస్తది. వైఫై కూడా అసొంటి అలలే. రేడియో వింటది, అంతే. వైఫై వింటది, మాట్లాడుతది కూడా. ఇంట్ల పెట్టిన రూటరు డబ్బాతోనో, ఫోన్‌ల పెట్టే హాట్‌స్పాట్‌తోనో మాట్లాడుతది. ఈ పని చేసే చిన్న బిళ్ల లాప్‌టాప్ లోపల ఉంటది. అగ్గిపెట్టె కన్న చిన్నది. దాన్నే వైర్‌లెస్ కార్డు అంటరు.

ఇక రెండో మాట. కంప్యూటర్‌ను నడిపించే పెద్ద ప్రోగ్రాము ఒకటి ఉంటది. చాలా వాటిల విండోస్ ఉంటది. విండోస్ 10కు దాని కంపెనీ 2025 అక్టోబర్ 14న మద్దతు ఆపింది. ఆ తర్వాతి విండోస్ 11 చాలా పాత లాప్‌టాప్‌ల మీద ఎక్కదు. అందుకని పాత లాప్‌టాప్‌లల్ల లైనక్స్ వేసుకునేటోళ్లు ఉన్నరు. లైనక్స్‌కు పైసలు కట్టే పని లేదు. 1991లో ఫిన్లాండ్ దేశంలో లైనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి దాన్ని మొదలు పెట్టిండు. అది ఎట్ల తయారైందో దాచిపెట్టలేదు. పచ్చడి ఇచ్చి, పెట్టే తీరు కూడా చెప్పినట్టు. ఎవరైనా చూడొచ్చు, మార్చొచ్చు.

అట్ల మార్చే వీలు ఉన్నందుకే దాంట్ల తెలుగు కూడా వచ్చింది. హైదరాబాదుల 'స్వేచ్ఛ' అనే సంస్థ 2005లో తెలుగు మాటలతో ఒక లైనక్స్ తెచ్చింది. సీడాక్ అనే ప్రభుత్వ సంస్థ చేసిన 'బాస్' లైనక్స్‌ల కూడా తెలుగు ఉన్నది. ఇంగ్లీషు రాని అమ్మ కూడా తెర మీద 'అమరికలు' అన్న మాట చదివి, దాన్ని నొక్కొచ్చు.

మరి ఈ లైనక్స్‌ల వైఫై ఎందుకు మొరాయిస్తది?

ట్రాక్టరును తలచుకోండి. ట్రాక్టరు వాకిట్ల ఉన్నది. అది నడవాలంటే డ్రైవరు కావాలె. డ్రైవరు వచ్చిండు. తాళంచెవి లేదు. ట్రాక్టరు కదులుతదా? కదలదు. ట్రాక్టరు ఖరాబైనట్టా? కాదు.

వైర్‌లెస్ కార్డు కూడా అట్లనే. కార్డును నడిపే చిన్న ప్రోగ్రామును నిజంగనే డ్రైవర్ అని పిలుస్తరు. చాలా కార్డుల డ్రైవర్లు లైనక్స్‌లనే ఉంటయి. కాని చాలా కార్డులకు ఇంకొక చిన్న ఫైలు కూడా కావాలె. దాని పేరు ఫర్మ్‌వేర్. కంప్యూటర్ మొదలైనప్పుడల్ల ఆ ఫైలు కార్డులకు ఎక్కాలె. అదే తాళంచెవి. ఆ ఫైలును కార్డు చేసిన కంపెనీ ఇస్తది. లోపల ఏమున్నదో మాత్రం చూడనియ్యదు.

ఇక్కడనే పేచీ వచ్చింది. లైనక్స్‌ల డెబియన్ అని ఒక రకం ఉన్నది. 1993 నుంచి ఉన్న పాత రకం. అన్ని ఫైళ్లూ అందరూ చూసేటట్టు ఉండాలె అన్నది వాళ్ల పట్టు. దాచిపెట్టిన ఫైలును తమ అసలు డిస్కుల పెట్టేది లేదన్నరు. పట్టు మంచిదే. కాని డెబియన్ వేసుకున్నోళ్లకు వైఫై రాకపోయేది. ఆ ఫైలు ఇంటర్నెట్‌ల దొరుకుతది. ఇంటర్నెట్ రావాలంటే ఆ ఫైలు కావాలె! బీరువా తాళంచెవి బీరువాలనే పెట్టి తాళం వేసినట్టు. చివరికి 2022లో వాళ్లు ఓట్లు వేసుకున్నరు. 2023 జూన్‌ల వచ్చిన డెబియన్ 12 నుంచి ఆ ఫైళ్లను డిస్కులనే ఇస్తున్నరు. కాబట్టి లాప్‌టాప్‌ల పాత లైనక్స్ ఉంటే కొత్తది వేయించుడు మంచిది. పనికి పైసలు తీసుకుంటరేమో గాని, లైనక్స్‌కు పైసలు లేవు.

అయితే అంత దూరం పోకముందు చిన్నవి చూడాలె. కొన్ని లాప్‌టాప్‌లకు పక్కన వైఫై మీట ఉంటది. సంచిల పెట్టేటప్పుడు అది జరుగుతది. కొన్నిటికి పై వరుస మీటల్లో ఒకదాని మీద విమానం బొమ్మ ఉంటది. చెయ్యి తగిలితే వైఫై బంద్ అయితది. 'ఎఫ్‌ఎన్' మీటతో కలిపి దాన్ని మళ్ల నొక్కాలె.

అప్పటికీ రాకుంటే, చదువుకున్న బిడ్డతో ఒక పని చేయించండి. లైనక్స్‌ల టెర్మినల్ అనే నల్ల కిటికీ ఉంటది. అందుల 'ఆర్‌ఎఫ్‌కిల్ లిస్ట్' అని ఇంగ్లీషు అక్షరాలతో కొట్టాలె. జవాబు వస్తది. 'హార్డ్ బ్లాక్డ్' పక్కన 'ఎస్' అని ఉంటే పైన చెప్పిన మీట బంద్ ఉన్నట్టు. 'సాఫ్ట్ బ్లాక్డ్' పక్కన 'ఎస్' ఉంటే ప్రోగ్రామే ఆపినట్టు. 'ఆర్‌ఎఫ్‌కిల్ అన్‌బ్లాక్ వైఫై' అని కొడితే విడుస్తది.

ఆ తర్వాత 'ఎల్ఎస్‌పీసీఐ' అని కొట్టాలె. లోపల ఉన్న కార్డుల పేర్లు వస్తయి. వైర్‌లెస్ కార్డు పేరు ఆ జాబితాల కనబడితే అది చాలావరకు బతికే ఉన్నట్టు. లేనిది డ్రైవరో, తాళంచెవో. ఈ ఒక్క సంగతి చాలు, దుకాణంల గట్టిగ అడగడానికి: "తమ్మీ, కార్డు పోతే దాని పేరు ఎట్ల కనబడుతున్నది?"

తాళంచెవి ఫైలు తెచ్చుకొనుడు ఎట్ల? దానికి ఇంట్ల ఉన్న ఫోనే సాలు. చార్జింగ్ తీగతో ఫోన్‌ను లాప్‌టాప్‌కు కలపాలె. డేటా పోయే తీగ అయి ఉండాలె. ఫోన్ సెట్టింగ్‌లల్ల 'యూఎస్‌బీ టెథరింగ్' అని ఉంటది. దాన్ని ఆన్ చెయ్యాలె. ఫోన్‌ల ఉన్న ఇంటర్నెట్ తీగ వెంట లాప్‌టాప్‌కు వస్తది. వైర్‌లెస్ కార్డుతో దానికి పని లేదు. దరఖాస్తు గడువు రేపే ఉంటే, ముందుగాల ఇట్ల దరఖాస్తు పంపియ్యాలె. రిపేరు సంగతి తర్వాత. ఆ ఇంటర్నెట్‌తోనే ఫర్మ్‌వేర్ దించుకోవచ్చు.

ఒక్కోసారి కార్డు బాగుంటది, పక్కింటి వైఫై కూడా కనబడుతది. మన ఫోన్ హాట్‌స్పాట్ మాత్రం కనబడదు. ఎందుకు? వైఫై అలలు రెండు రకాలు ఎక్కువ వాడుకల ఉన్నయి. ఒకటి 2.4 గిగాహెర్ట్జ్, ఇంకొకటి 5 గిగాహెర్ట్జ్. చాలా పాత కార్డులకు 5 వినబడదు. కొత్త ఫోన్ 5 మీద పంపుతుంటే పాత లాప్‌టాప్‌కు ఏం తెలుస్తది? ఫోన్‌ల హాట్‌స్పాట్ సెట్టింగ్‌ల 2.4 పెట్టాలె. ఇంకో మాట: మందపు మట్టి గోడలు, ఇనుప బీరువా, నిండుగ నీళ్లున్న డ్రమ్ము అలలను అడ్డుకుంటయి. ఫోన్‌ను అదే అర్రల పెట్టుకొని చూడాలె.

కార్డు నిజంగనే పోయినా లాప్‌టాప్ పోయినట్టు కాదు. బయట పెట్టుకునే చిన్న వైఫై ముక్క దొరుకుతది. కొన్ని వందల రూపాయలు అయితది. కొనేముందు "ఇది లైనక్స్‌ల నడుస్తదా?" అని అడగాలె. వీలైతే అక్కడనే పెట్టి చూడాలె.

లాప్‌టాప్ విప్పి తుడిపించినంకనో, బ్యాటరీ మార్పించినంకనో వైఫై బలం తగ్గితే, లోపలి సన్నని తీగలు చూడమనాలె. చాలా కార్డులకు రెండు తీగలు ఉంటయి, ఎక్కువగ ఒకటి నల్లది, ఒకటి తెల్లది. అవే దాని చెవులు. విప్పినోళ్లు తిరిగి పెట్టుడు మరిచిపోతే, రూటరు పక్కనే ఉన్నా దానికి సరిగ్గ వినబడదు. ఆ తీగల కొసలను కార్డు మీద పెట్టి వేలితో నొక్కితే టక్కుమని కూసుంటయి.