వెనుక ఇరుసు కూత చెవిన పెట్టండి

* మోత ఎప్పుడు వస్తుందో గమనిస్తేనే లోపం దొరికేది
* నిర్లక్ష్యం చేస్తే క్రౌన్, పినియన్‌కు ముప్పు
* పికప్ వాహన యజమానులు తెలుసుకోవాల్సిన విషయాలు

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల: చల్‌గల్ మార్కెట్‌కు మామిడికాయలు చేరాలన్నా, కోరుట్ల, మెట్‌పల్లి ప్రాంతాల పసుపు నిజామాబాద్ యార్డుకు వెళ్లాలన్నా, సిరిసిల్లలో సాంచాలకు నూలు అందాలన్నా చిన్న సరకు వాహనాలు కదలాల్సిందే. 2016లో ఉమ్మడి కరీంనగర్ నుంచి వేరుపడిన జగిత్యాల, రాజన్న సిరిసిల్ల జిల్లాల్లో ఈ బండ్లనే నమ్ముకుని బతుకుతున్న కుటుంబాలు ఎన్నో. మహీంద్రా బొలెరో పికప్, టాటా ఏస్, అశోక్ లేలాండ్ దోస్త్ వంటి వాహనాల్లో సరకు బరువులో ఎక్కువ భాగాన్ని మోసేది వెనుక ఇరుసే. ఇంజిను శక్తిని చక్రాలకు అందించేదీ అదే. అయినా ఇంజిను ఆయిల్‌పై ఉన్న శ్రద్ధ ఇరుసులోని ఆయిల్‌పై కనిపించదు.

ఇరుసు ఒక్కసారిగా పాడుకాదు. ముందు సన్నగా కూత పెడుతుంది, తర్వాత మూలుగుతుంది, ఆ తర్వాతే మొరాయిస్తుంది. కూత దశలో గుర్తిస్తే ఆయిల్ మార్పుతోనో, బేరింగులతోనో సరిపోవచ్చు. మొరాయించే దాకా ఆగితే లోపలి గేర్లన్నీ మార్చాల్సి వస్తుంది. అలాగని మోత వినగానే ఇరుసు విప్పించడమూ పొరపాటే. టైరు మోతను గేర్ల మోతగా భ్రమపడి, బాగున్న సెట్టును మార్పిస్తే డబ్బు పోతుంది, మోత మాత్రం పోదు. వాయిదాలపై కొన్న బండికి ఈ రెండు తప్పులూ భారమే. సిరిసిల్లలో సాంచాల నడుమ పనిచేసే కార్మికుడు చప్పుడులో తేడా వినగానే లోపాన్ని పసిగడతాడు. బండి నడిపే వారికీ అదే మెలకువ అవసరం.

ఇరుసులో ఏముంటుంది?

ఇంజిను నుంచి గేరుబాక్సు, ప్రొపెల్లర్ షాఫ్టుల మీదుగా వచ్చే తిప్పుడును వెనుక ఇరుసు మధ్యనున్న డిఫరెన్షియల్ అందుకుంటుంది. షాఫ్టు చివర చిన్న గేరు పినియన్. అది తిప్పే పెద్ద పళ్లచక్రం క్రౌన్. క్రౌన్‌కు 37 పళ్లు, పినియన్‌కు 9 పళ్లు ఉన్నాయనుకుంటే, చక్రం ఒక్కసారి తిరగడానికి పినియన్ 4 సార్లకు పైగా తిరగాలి. మలుపుల్లో బయటి చక్రం ఎక్కువ దూరం, లోపలి చక్రం తక్కువ దూరం తిరగాలి కనుక క్రౌన్ లోపలి వైపున మరికొన్ని చిన్న గేర్లు ఉంటాయి. వీటన్నింటినీ బేరింగులు పట్టి ఉంచుతాయి.

పినియన్‌ను క్రౌన్ నడిమధ్యకు కాకుండా కాస్త కిందికి అమర్చే హైపాయిడ్ గేర్లను 1920వ దశకంలో అమెరికాకు చెందిన గ్లీసన్ సంస్థ రూపొందించింది. ఇవి బలమైనవి, తక్కువ చప్పుడు చేసేవి. అయితే వీటి పళ్లు ఒకదానిపై ఒకటి దొర్లడంతో పాటు గట్టిగా రాసుకుంటూ జారుతాయి. అందుకే వీటికి మామూలు ఆయిల్ చాలదు. అధిక ఒత్తిడిని తట్టుకునే రసాయనాలు కలిపిన గేరు ఆయిల్ తప్పనిసరి.

పై లెక్కనే తీసుకుని, టైరు చుట్టుకొలత 2.1 మీటర్లు అనుకుంటే, 40 కిలోమీటర్ల వేగంలో క్రౌన్, పినియన్ పళ్లు సెకనుకు దాదాపు 196 సార్లు కలుస్తాయి. పళ్లు సరిగా కలవకపోయినా, అరిగినా ఆ తాకిడి అంతా కలిసి ఒకే ఈలగా వినిపిస్తుంది. వేగం పెరిగితే ఈల స్థాయీ పెరుగుతుంది. ఇదే గేరు కూత.

ముందు తేల్చుకోవాల్సినవి

ఇరుసును అనుమానించే ముందు మూడింటిని పక్కకు తప్పించాలి.

గేరుబాక్సు: ఒకే వేగంలో ముందు మూడో గేరులో, తర్వాత నాలుగో గేరులో నడపాలి. గేరు మారగానే మోత మారితే లోపం గేరుబాక్సులోనో, ఇంజినులోనో ఉన్నట్లు. ఏ గేరులో ఉన్నా మోత వేగాన్ని బట్టే వస్తుంటే అది గేరుబాక్సు తర్వాతి భాగాలది.

టైర్లు: తారు రోడ్డుపై ఒక రకంగా, సిమెంటు రోడ్డుపై మరో రకంగా వినిపిస్తే టైరు మోతే అయి ఉంటుంది. యాక్సిలరేటర్ తొక్కినా, వదిలినా టైరు మోత మారదు. హెచ్చుతగ్గులుగా అరిగిన టైరు అచ్చం బేరింగులాగే మూలుగుతుంది. వెనుక టైర్లను ముందుకు మార్చి చూస్తే విషయం తేలిపోతుంది.

చక్రాల బేరింగులు: రద్దీ లేని వెడల్పైన రోడ్డుపై నెమ్మదిగా స్టీరింగును అటూ ఇటూ తిప్పాలి. ఎడమకు తిప్పినప్పుడు బరువు కుడి చక్రాలపై పడుతుంది. అప్పుడు మోత పెరిగితే కుడివైపు బేరింగును, కుడికి తిప్పినప్పుడు పెరిగితే ఎడమవైపు బేరింగును అనుమానించాలి. పాతిక, ముప్పై కిలోమీటర్లు నడిచాక రెండు వెనుక హబ్‌ల వేడిని జాగ్రత్తగా పోల్చి చూడాలి. ఒకటి మరీ వేడిగా ఉంటే అక్కడ బేరింగో, బ్రేకో పట్టేస్తోందని అర్థం.

మోత ఎప్పుడు.. లోపం ఎక్కడ?

ఈ మూడూ కాదని తేలాక ఇరుసు వంతు. మోత ఏ సమయంలో వస్తుందన్నదే సగం నిర్ధారణ.

* యాక్సిలరేటర్ తొక్కినప్పుడే కూత: క్రౌన్, పినియన్ పళ్లకు బలం తగిలే వైపు అరుగుదల ఉండవచ్చు. పినియన్ ఉండాల్సిన లోతులో లేకపోయినా ఇలాగే వినిపిస్తుంది. బరువు వేసినప్పుడు, ఎత్తు ఎక్కేటప్పుడు మరింత పెరుగుతుంది.

* కాలు తీసినప్పుడే కూత: పినియన్ నట్టు వదులు కావడం, పినియన్ బేరింగుల బిగింపు తగ్గడం సాధారణ కారణాలు. ఈ దశలోనే చూపిస్తే గేర్లు దక్కే అవకాశం ఎక్కువ.

* తొక్కినా, వదిలినా ఒకేలా గరగర: బేరింగుల పని. పినియన్ బేరింగులు వేగంగా తిరుగుతాయి కనుక వాటి మోత సన్నగా ఉంటుంది. క్రౌన్‌కు ఇరువైపులా ఉండే బేరింగులు చక్రం వేగంతోనే తిరుగుతాయి కనుక వాటి మోత బరువుగా ఉంటుంది.

* మలుపుల్లోనే చప్పుడు: డిఫరెన్షియల్ లోపలి చిన్న గేర్లు, వాటి వాషర్లు అరిగి ఉండవచ్చు.

* బండి కదిలేటప్పుడు, రివర్సు వేసినప్పుడు ‘ఠక్’ మనడం: ముందుగా ప్రొపెల్లర్ షాఫ్టు క్రాస్‌లు చూడాలి. ఇరుసు విప్పడంతో పోలిస్తే ఇది చిన్న ఖర్చు. అవి బాగుంటే పళ్ల మధ్య సందు పెరిగిందేమో పరిశీలించాలి.

* చక్రం వేగంతో పాటు లయగా ‘ఠక్ ఠక్’: పన్ను విరిగి ఉండవచ్చు. బండిని ఇక నడపరాదు. విరిగిన ముక్క మిగతా పళ్ల మధ్య పడితే ఇరుసు మొత్తం పట్టేస్తుంది.

ఏళ్ల తరబడి మారకుండా ఉన్న కొద్దిపాటి కూత అంత ప్రమాదకరం కాకపోవచ్చు. వారం వారం పెరిగేదానితోనే భయం.

ఆయిల్ చెప్పే సాక్ష్యం

ఇరుసు విప్పకుండానే లోపలి సంగతి తెలిపేది ఆయిల్. బండిని సమతలంపై ఆపి ఫిల్లర్ బోల్టు తీస్తే, ఆయిల్ ఆ రంధ్రం కింది అంచు దాకా ఉండాలి. తగ్గితే ఎక్కడ కారుతోందో వెతకాలి. పినియన్ సీలు వద్ద తడి ఉంటే హౌసింగ్ ముందు భాగాన జిడ్డు పేరుకుంటుంది. చక్రాల వైపు సీలు పోతే ఆయిల్ బ్రేకు షూలపైకి చేరుతుంది. అప్పుడు అది గేర్ల సమస్యగా మిగలదు, బ్రేకులు పట్టని ప్రమాదంగా మారుతుంది.

దించిన ఆయిల్‌ను శుభ్రమైన పళ్లెంలో పట్టి వెలుతురులో చూడాలి. అయస్కాంతం ఉన్న డ్రెయిన్ బోల్టుకు బూడిదరంగు మెత్తని ముద్ద అంటుకోవడం సహజమైన అరుగుదలే. పొలుసులు, సూదిలాంటి ముక్కలు కనిపిస్తే పళ్లో, బేరింగులో రాలుతున్నట్లు. మాడు వాసన వస్తే విపరీతంగా వేడెక్కినట్లు. పాలు కలిసినట్లు తెల్లబారితే నీరు చేరినట్లు.

వానాకాలంలో వాగులు, లోతట్టు కల్వర్టులు దాటే బండ్లకు ఈ చివరి ప్రమాదం ఎక్కువ. నడిచి వేడెక్కిన ఇరుసు చల్లని నీటిలో మునిగితే లోపలి గాలి కుంచించుకుపోతుంది. ఆ లాగుడుకు సీళ్ల సందుల నుంచి, గాలి గొట్టం నుంచి నీరు లోపలికి వెళుతుంది. ఇరుసు మునిగేంత నీటిలో నడిపిన బండికి వెంటనే ఆయిల్ పరిశీలన చేయించాలి. గాలి గొట్టం మట్టితో పూడుకుపోయినా కష్టమే. వేడికి లోపల ఒత్తిడి పెరిగి ఆయిల్ సీళ్లను తోసుకుని బయటకు వస్తుంది.

ఆయిల్ రకాన్ని కంపెనీ పుస్తకంలో చూసి వాడాలి. హైపాయిడ్ ఇరుసులకు సాధారణంగా జీఎల్-5 స్థాయి గేరు ఆయిల్‌ను సూచిస్తారు. ఇంజిను ఆయిల్ దీనికి ప్రత్యామ్నాయం కాదు. ఎక్కువ బరువులతో, దుమ్ము రోడ్లపై తిరిగే బండికి గడువు కన్నా ముందే మార్చడం మేలు.

జాకీపై పరీక్షిస్తే..

వెనుక భాగాన్ని లేపి, ఇంజిను నడిపిస్తూ పొడవాటి స్క్రూడ్రైవర్‌ను హౌసింగ్‌కు ఆనించి మోత వినడం గ్యారేజీల్లో ఉన్నదే. ఇందులో ప్రాణాపాయం ఉంది. చాలా పికప్‌లలో హ్యాండు బ్రేకు పనిచేసేది వెనుక చక్రాలపైనే. అవి గాలిలో ఉంటే బండిని ఆపేది ఏదీ ఉండదు. ముందు చక్రాలకు ఇరువైపులా దిమ్మలు పెట్టాలి. ఇరుసును గట్టి స్టాండ్లపై నిలపాలి. ఒక్క చక్రాన్నే లేపి గేరు వేయరాదు. పైగా గాలిలో తిరిగే ఇరుసుపై బరువు ఉండదు కనుక రోడ్డుపై వినిపించే కూత అక్కడ వినిపించకపోవచ్చు.

ఇంజిను ఆపి చేసే పరీక్షే యజమానికి క్షేమం. షాఫ్టు వచ్చి కలిసే చోట పినియన్ ఫ్లాంజిని పట్టుకుని పైకీ కిందికీ ఊపాలి. కదలిక ఉంటే పినియన్ బేరింగులు వదులైనట్లు. లేపిన చక్రాన్ని పైనా కిందా పట్టి ఊపితే చక్రం బేరింగు సంగతి తెలుస్తుంది.

విప్పాక అడగాల్సినవి

ఇరుసు విప్పించాల్సి వస్తే యజమాని దగ్గరుండి పళ్లను చూడాలి. పళ్లపై గుంటలు, నిలువు గీతలు, నీలిరంగు మచ్చలు ఉంటే ఆయిల్ కొరతకో, అధిక బరువుకో గుర్తులు. క్రౌన్, పినియన్‌లను ఎప్పుడూ జంటగానే మార్చాలి. ఆ రెండింటినీ కర్మాగారంలోనే ఒకదానితో ఒకటి జతపరుస్తారు. ఒక సెట్టులోని పినియన్‌ను మరో సెట్టులోని క్రౌన్‌తో కలిపితే కూత తప్పదు.

కొత్త సెట్టు వేసినా అమరిక కుదరకపోతే ఫలితం ఉండదు. పళ్ల మధ్య సందును డయల్ గేజితో కొలవాలి. కంపెనీని బట్టి మారే ఈ సందు చాలా వాటిలో మిల్లీమీటరులో పదో వంతు నుంచి ఐదో వంతు దాకా ఉంటుంది. చేతి అంచనాకు అందే కొలత కాదిది. పళ్లకు రంగు పూసి తిప్పి, ముద్ర పన్ను మధ్యలో పడుతోందో లేదో చూడాలి. అంచుకు పడితే షిమ్‌లు మార్చాలి. పినియన్ వద్ద నలిగే స్లీవు ఉన్న ఇరుసుల్లో ప్రతిసారీ కొత్తది వేయాలి. గేజి, రంగు లేకుండా పని ముగిస్తామనే చోట ఇరుసు విప్పించకపోవడమే మంచిది.

పాత బండి కొనేవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. ఇరుసులో చిక్కని గ్రీజో, రంపపు పొట్టో వేసి మోతను కొన్నాళ్లు అణచడం పాత మోసం. బేరం కుదిరే ముందు ఫిల్లర్ బోల్టు విప్పించి, లోపలున్నది ఆయిలేనా అని వేలితో చూసుకోవాలి. ఖాళీ బండితో పాటు బరువు వేసిన బండినీ నడిపి వినాలి.

ఎప్పుడు ఆపేయాలి?

లయగా ఠక్‌ఠక్‌మంటున్నా, ఇరుసు నుంచి పొగ, మాడు వాసన వస్తున్నా, వెనుక చక్రం ఊగుతున్నా బండిని అక్కడికక్కడే ఆపాలి. వేగంలో ఉండగా ఇరుసు పట్టేస్తే వెనుక చక్రాలు బిగుసుకుపోయి బండి అదుపు తప్పుతుంది. కొన్ని వాహనాల్లో చక్రాన్ని నేరుగా యాక్సిల్ షాఫ్టుకే బిగిస్తారు. అలాంటి వాటిలో బేరింగు పూర్తిగా పోతే చక్రమే ఊడిపోవచ్చు. సరకు దించి, మరో బండిలో పంపితే పోయేది ఒక కిరాయే.

గ్యారేజీకి వెళ్లే ముందు నాలుగు సంగతులు కాగితంపై రాసుకోవాలి. ఏ వేగంలో మోత మొదలవుతోంది? తొక్కినప్పుడా, వదిలినప్పుడా? మలుపులో మారుతోందా? ఖాళీగా ఉన్నప్పుడూ వస్తోందా, బరువుతోనేనా? ఈ వివరాలు ముందుంచితే మెకానిక్‌కు పని తేలికవుతుంది, యజమానికి అనవసర ఖర్చు తప్పుతుంది.